తొమ్మిదో అంతస్తులో రెండో గది

సైగాన్, ఖాన్ హోయ్ రేవు
మొదటి నెల పదో రోజు

చెల్లి ఉత్‌కి,

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగా లేవు. నీకు ఫోన్ చేస్తే వినపడదు, గట్టిగా అరిస్తే పక్కింటివాళ్ళకి వినపడుతుంది. అందుకని రాస్తున్నాను. నాది మూటలు మోసేవాళ్ళకి యూనియన్ వాళ్ళు చెప్పిన రెండేళ్ళ చదువు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఫ్లాటు అమ్మేస్తున్నాను.

లిఫ్టు నెలలో పది రోజులు పనిచెయ్యదు. మిగతా ఇరవై రోజులూ జనం తోసుకుంటారు. నలభై ఏళ్ళు ఓడల్లోకి బియ్యం బస్తాలు ఎక్కించిన కాళ్ళు ఇవి, ఇప్పుడు తొమ్మిది అంతస్తులు ఒక ఆకుకూర సంచీతో ఎక్కలేవు. మా ఆవిడ పోయి ఎనిమిదేళ్ళు. అమ్మ పోయి అయిదేళ్ళు. ఒక్క ముసలాడికి రెండు పడక గదులు ఏం చేసుకోను.

థ్వీ అని ఒక బ్రోకరమ్మాయి వచ్చింది. ప్రకటన ఫోన్‌లో రాసుకుని నాకు చదివి వినిపించింది. 'నది ఒడ్డున రెండు పడక గదుల ఫ్లాటు. చల్లని గాలి. కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి.' ఓడలు ఎక్కడున్నాయమ్మా, రేవుని ఎప్పుడో నది కింది వైపుకి తీసుకుపోయారు కదా అన్నాను. "కొనేవాళ్ళు ఓడలు లెక్కపెట్టుకోరు తాతయ్యా" అంది. నోరు ఎక్కువే, పని తెలిసిన పిల్ల.

బజారు వెనక సందులో కింద గది ఒకటి చూసిపెట్టాను. నీ ఇంటికి రమ్మని మాత్రం రాయకు. నీ కోడలు కొబ్బరిపాలు పొయ్యకుండా మంచినీళ్ళు కూడా ఇవ్వదు.

అమ్మ వాటాలో నీకూ హక్కుంది కాబట్టి నీ వేలిముద్ర కావాలంటున్నారు. కాగితం పంపుతాను.

నీ అన్న
బా

*

బెన్‌చే, మో కై
మొదటి నెల పంతొమ్మిది

బా అన్నయ్యకి ఉత్ నమస్కరించి రాసేది.

నా కోడలిని ఏమీ అనకు. నువ్వు వచ్చినప్పుడల్లా ఆ కొబ్బరిపాల కూరే రెండు గిన్నెలు తిని వెళ్తావు. మోకాళ్ళకి అల్లం దంచి సారాలో నానబెట్టి రాయి. తాగకు, రాయి.

ఫ్లాటు నువ్వుండే ఇల్లు, నీ ఇష్టం. కానీ చిన్నన్నయ్య హియెన్ గది సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదేం?

పండక్కి ఈసారీ చాప మీద నాకూ నా కొడుక్కీ మధ్య చిన్నన్నయ్యకి ఒక గిన్నె, ఒక జత అన్నం తినే పుల్లలు పెట్టాను. మనవరాలు అడిగింది, "ఆయన గిన్నె పీఠం మీద ఎందుకు పెట్టవు నానమ్మా?" అని. నెత్తిన ఒక్కటిచ్చాను. పీఠం మీద పెట్టేది పోయినవాళ్ళకి. ఆయన పడవెక్కి దేశం దాటి దూరాన ఉన్నాడు, అంతే.

తాన్ దిన్ దగ్గర ఆ గుడ్డి జోస్యుడు చెప్పింది నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. నువ్వూ నేనూ అమ్మా ముగ్గురం వెళ్ళాం. వేళ్ళు లెక్కపెట్టి, "మంచు కురిసే దేశంలో ఉన్నాడు, ఇద్దరు ఆడపిల్లలు" అన్నాడు. అమ్మ ఆ రోజు దారంతా నవ్వుకుంటూ నడిచింది. ఆ పిల్లలకి ఏం పేర్లు పెట్టి ఉంటాడే అని నన్ను చంపుకు తింది.

నువ్వు రేవు పక్క పాత గదుల్లోంచి ఈ కొత్త ఇంటికి మారినప్పుడు కూడా అమ్మ వాడి మంచమే ముందు మోయించింది. పోయేదాకా రోజూ ఆ గది తుడిచింది. రేవు దిగి ఎవరినడిగినా మన ఇల్లు చూపిస్తారు, వాడు వచ్చేసరికి పక్క వేసి ఉండాలి అనేది. నేనూ ఇక్కడ నాన్న కొబ్బరితోటలో మెరక మూల వాడికోసం అట్టే పెట్టాను. నా కొడుకు అక్కడ ఇల్లు కట్టుకుంటానంటే, అది మీ చిన్నమామది అని పల్లంలో కట్టుకోమన్నాను.

ఇప్పుడు ఆ ఇల్లు అమ్మితే వాడు ఎవరి తలుపు కొట్టాలి? గది మటుకు తాళం వేసి మిగతాది అమ్ముకో అంటే నవ్వుతావు. నవ్వినా సరే, ఆలోచించు.

ఉత్

*

ఖాన్ హోయ్
రెండో నెల ఒకటి

ఉత్‌కి,

గదికి తాళం వేసి మిగతాది అమ్మమని రాశావు. థ్వీకి చెప్పాను. ఆ పిల్ల నవ్వలేక దగ్గింది.

మొన్న ఒక లావుపాటాయన టేపు పట్టుకుని వచ్చాడు. అన్ని గోడలూ కొలిచాడు. హియెన్ గది గోడ తట్టి చూసి, "ఇది పడగొడితే హాలు కలిసొస్తుంది" అన్నాడు భార్యతో, నేను అక్కడ లేనట్టు. నేను ఇంకా చావలేదు, తరవాత పడగొట్టుకో అన్నాను. ఆయన పోయాక థ్వీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "తాతయ్యా, నువ్వు అమ్ముతున్నావా, కాపలా కాస్తున్నావా?" టీ పోసి ఇచ్చాను, తాగి వెళ్ళింది.

హియెన్ సంగతి ఇప్పుడెందుకు. వచ్చేవాడైతే ముప్పైమూడేళ్ళు ఆగడు. వాడికి నోరుంది, అడిగి తెలుసుకుంటాడు. సందులో నా గది ఎవరైనా చూపిస్తారు.

కాగితం దీనితో పెట్టాను. కింద గీత గీసిన చోట వేలిముద్ర వేసి వెంటనే బస్సువాడికిచ్చి పంపు. అమ్మ వాటా సంగతే. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, చదువుతూ కూర్చుని కళ్ళు పాడుచేసుకోకు.

బా

*

మో కై
రెండో నెల తొమ్మిది

అన్నయ్యకి,

నువ్వు ఎప్పుడైనా నా కళ్ళ గురించి బెంగపడ్డావా? అందుకే అద్దాలు పెట్టుకుని చదివాను. రెండు పూటలు పట్టింది.

ఇందులో అమ్మ వాటా గురించి ఒక్క మాటే ఉంది. మిగతాదంతా హియెన్ అన్నయ్య గురించి. 'సదరు వ్యక్తి మరణించినట్టు ప్రకటించవలసిందిగా కోర్టువారిని కోరుచున్నాము' అని ఉంది. కోరుచున్నాము అట. ఎవరు కోరుతున్నారు? నేను కోరానా?

ఇంటి పత్రంలో వాడి పేరు కూడా ఉందని నాకు చెప్పనేలేదు. వాడి సంతకమైనా కావాలి, వాడి చావు కాగితమైనా కావాలి, అంతేగా. సంతకం దొరకదు కాబట్టి రెండోది చేస్తున్నావు. నీ మోకాళ్ళకోసం తోడబుట్టినవాణ్ణి చంపమని నా చేతికి సిరా రాస్తున్నావు.

బస్సువాడు రెండుసార్లు వచ్చి అడిగాడు. ఇచ్చేదేమీ లేదన్నాను. కాగితం నా దగ్గరే ఉంది.

ఉత్

*

ఖాన్ హోయ్
రెండో నెల పదమూడు

ఉత్‌కి,

ఆడదానివి, గోరంత దాన్ని కొండంత చేస్తావు. అది కోర్టు పద్ధతి. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే అలాగే రాస్తారు. కాగితం మీద మాట అది. రేపు వాడు తిరిగొస్తే కొట్టేస్తారు, నోటరీ చెప్పాడు. వేలిముద్ర వేసి పంపు. సందులో గదివాడు వారమే ఆగుతానన్నాడు.

బా

*

మో కై
రెండో నెల పద్దెనిమిది

అన్నయ్యకి,

సరే. నేను చదువుకున్నదాన్ని కాదు, కోర్టులు తెలియవు. నువ్వు పెద్దవాడివి.

ఒక పని చెయ్యి. స్నానం చేసి మూడు అగరొత్తులు వెలిగించి అమ్మ పీఠం ముందు నిలబడు. "అమ్మా, ఇది కాగితం మీద మాటే, హియెన్ సంగతి నాకు అంతకంటే ఏమీ తెలియదు" అని పైకి అను. అన్నానని నాకు రాయి. ఆ ఉత్తరం అందిన రోజే వేలిముద్ర వేసి పంపుతాను. ఇంక ఒక్క ప్రశ్న అడగను.

ఉత్

*

ఖాన్ హోయ్
రెండో నెల ఇరవై ఎనిమిది

ఉత్,

స్నానం చేశాను. ఒత్తులు వెలిగించాను. నిలబడ్డాను. మూడు రోజులు అలాగే చేశాను. ఒత్తులు కాలిపోయాయి. మాట రాలేదు.

హియెన్ చచ్చిపోయాడు. కాగితం మీద కాదు.

వాడు పడవెక్కిన రెండేళ్ళకి రేవులో క్రేను నడిపే తాచ్ తిరిగొచ్చాడు. వాడితోపాటు అదే పడవలో వెళ్ళినవాడు. పట్టుబడి జైల్లో ఉండి వచ్చాడు. మూడో గేటు దగ్గర కాఫీ కొట్లో నన్ను కూర్చోబెట్టాడు. సాసర్‌లో కాఫీ పోసుకుని, ఊదుకుంటూ చెప్పాడు. బయల్దేరిన మూడో రోజు ఇంజను ఆగిందట. పడవ అడుగు విడిపోయిందట. మా వాడు ఈదగలడే అన్నాను. ఈదాడు, చాలాసేపు ఈదాడు అన్నాడు. మునగడం కళ్ళారా చూశానన్నాడు. నేను కాఫీ డబ్బులిచ్చి పనికి వెళ్ళాను. సాయంత్రం దాకా బస్తాలు మోశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ ఉంది. "వాడి కబురేమైనా తెలిసిందా?" అంది. రోజూ అడిగేదే. లేదన్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఇవాళ్టికి కూడా రాలేదు.

గుడ్డి జోస్యుడి సంగతి రాశావు. మనం వెళ్ళే ముందు రోజు నేను ఒక్కణ్ణే వెళ్ళాను. ఒక సీసా మొదటి రకం చేప సాసు ఇచ్చాను. బతికే ఉన్నాడని చెప్పు చాలు అన్నాను. మంచు దేశం, ఆడపిల్లలు వాడి సొంత కవిత్వం. అమ్మ నవ్వుతూ నడుస్తుంటే నేను వెనక నడిచాను. మంచి పని చేశాననుకున్నాను.

ఇంకా ఉంది. రాయడం మొదలుపెట్టాను కాబట్టి రాసేస్తాను.

పాత గదులు పడగొట్టి వాటికి బదులు ఫ్లాట్లు ఇచ్చినప్పుడు వార్డు ఆఫీసులో లెక్క తీశారు. ఇంట్లో ముగ్గురుంటే ఒక పడక గది. నలుగురుంటే రెండు. నేను, మా ఆవిడ, అమ్మ. ముగ్గురం. కుటుంబ పుస్తకంలో అమ్మ హియెన్ పేరు ఎప్పుడూ కొట్టించలేదు. గుమాస్తా వేలు పెట్టి చూపించాడు, "ఈయన ఎక్కడ?" అని. ఫూ కుక్ వైపు చేపల పడవ మీద పని చేస్తున్నాడు, పండక్కి వస్తాడు అన్నాను. అమ్మ నా పక్కనే నిలబడి తల ఊపింది. దేశం దాటిన సంగతి దాచడానికి అలా అన్నాననుకుంది. గుమాస్తా నాలుగు అని రాశాడు.

నేను ఎవడి దగ్గరా చెయ్యి చాచలేదని రేవంతా చెప్పుకు తిరిగాను. నీ పెళ్ళిలో మీ మామగారితో కూడా ఆ మాటే అని గొడవ పెట్టుకున్నాను. అలాంటి నేను చచ్చిన తమ్ముణ్ణి లెక్కలో నిలబెట్టి ఒక గది తీసుకున్నాను. అమ్మ ఆ గదిలో పక్క వేసింది. ఆరేళ్ళు తుడిచింది. నేను చూస్తూ కూర్చుని అన్నం తిన్నాను. ఆమె పోయాక తుడవటం నా పనైంది. తుడవకపోతే నువ్వొచ్చినప్పుడు అడుగుతావు. మోకాళ్ళ నొప్పి నిజమే. కానీ అమ్ముతున్నది మోకాళ్ళకోసం కాదు.

అన్నిటికంటే పాపం ఇది. వాడికి ఇన్నేళ్ళలో ఒక్క తద్దినం పెట్టలేదు. పీఠం మీద గిన్నె పెడితే అమ్మకి తెలిసిపోతుంది. అమ్మ పోయాక పెడితే నీకు తెలిసిపోతుంది. ఏడో నెల పున్నమికి జనం దిక్కులేని ఆత్మలకని వీధిలో పల్చటి గంజి పోస్తారు కదా. దాన్ని చూసినప్పుడల్లా, పోనీలే, వీటిలో వాడికీ ఒక గుక్క దొరుకుతుందిలే అనుకునేవాణ్ణి. నా తమ్ముడు. వీధిలో, ఎవరెవరితోనో తోసుకుంటూ.

కాగితం చింపేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం.

బా

*

మో కై
మూడో నెల మూడు

ఏ రోజు పోయాడు?

*

ఖాన్ హోయ్
మూడో నెల అయిదు

ఉత్,

మూడో నెల పన్నెండు. మధ్యాహ్నం. తాచ్ చెప్పినదే. ఎక్కడా రాసుకోలేదు, ఇప్పుడే రాస్తున్నాను.

నువ్వు తిట్టలేదు. కవరు చింపే ముందు తిట్లే ఉంటాయనుకుని తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క ఉంది. దానికంటే తిట్లే నయం.

బా

*

మో కై
మూడో నెల ఎనిమిది

పన్నెండో తేదీ పొద్దున బస్సుకి వస్తాను. పీఠం ఆ గదిలో పెట్టు. వంట నువ్వే చెయ్యి. కొట్లోంచి తెచ్చింది పెట్టకు. వాడికి ఏమిష్టమో గుర్తుంటే వండు. గుర్తులేకపోతే నన్ను అడగకు.

నా కొడుక్కి ఇంకా చెప్పలేదు. పల్లంలో కట్టుకున్న వాడి ఇంట్లోకి ప్రతి పోటుకీ మోకాలి లోతు నీళ్ళొస్తాయి. మంచాల కింద ఇటుకలు పెట్టుకుని పడుకుంటారు. మెరక మూల ఖాళీగా ఉంది. అది ఎవరికోసం అట్టే పెట్టానని నా కొడుక్కీ కోడలికీ ఏ ముఖంతో చెప్పను? చిన్నన్నయ్య వస్తాడు, పిల్లల్ని తెస్తాడు అని ఎన్నిసార్లు అన్నానో వాళ్ళకి లెక్క తెలుసు.

ఉత్

*

ఖాన్ హోయ్
మూడో నెల ఇరవై నాలుగు

చెల్లి ఉత్‌కి,

నువ్వు వెళ్ళి పన్నెండు రోజులైంది. ఉత్తరం వస్తుందేమోనని చూశాను. రాలేదు. నేనే రాస్తున్నాను.

ఆ రోజు చేప మాడిందని నాకు తెలుసు. చేపలోకి చక్కెర కాలబెట్టడం మా ఆవిడ పొయ్యి దగ్గర ఎన్నోసార్లు చూశాను, సులువనుకున్నాను. హియెన్‌కి కొరమీను చేప, ఉప్పెక్కువగా, మిరియాలెక్కువగా వండితే ఇష్టం. అది గుర్తుంది. వండటమే తెలియదు. కాకరకాయ పులుసు కూడా నీళ్ళలా వచ్చింది. నువ్వు రెండూ తిన్నావు. ముల్లు కూడా చప్పరించి పక్కన పెట్టావు.

నువ్వు ఒత్తులు పట్టుకుని నిలబడి, "హియెన్ అన్నయ్యా, తిను. ఆలస్యమైపోయింది" అన్నావు. ఆ రోజంతా నువ్వు మాట్లాడింది అదే. అది నాతో కాదు.

తరవాత సంచీలోంచి ఆ కాగితం తీశావు. సిరా డబ్బా కూడా మీ ఊరునుంచే తెచ్చుకున్నావు. వేలిముద్ర వేసి చేప సాసు గిన్నె కింద పెట్టావు, గాలికి ఎగిరిపోకుండా. గిన్నెలు కడిగి బోర్లించావు. నేను వద్దన్నా వినపడనట్టు కడిగావు. నిజంగా వినపడలేదో ఏమో.

లిఫ్టు ఆ రోజు పనిచెయ్యలేదు. మెట్లు దిగుతుంటే నువ్వు ముందు, నేను వెనక. ప్రతి మలుపులోనూ ఆగావు. నా అడుగు దగ్గరికొచ్చేదాకా ఆగి, మళ్ళీ దిగావు. వెనక్కి తిరిగి చూడలేదు. తొమ్మిది అంతస్తులూ అంతే. బస్సు ఎక్కాక కూడా కిటికీ అవతలి వైపు కూర్చున్నావు. నీకు ఎండ పడుతుందని అటు కూర్చున్నావని అనుకుంటున్నాను.

కోర్టు కాగితంలో 'ఎప్పటినుంచి కనపడటం లేదు' అన్న చోట నిజం రాయించాను. పడవెక్కిన సంవత్సరం రాయించాను. థ్వీ చదివి తెల్లబోయింది. "తాతయ్యా, వార్డువాళ్ళు ఇది చూస్తే రెండో గది ఎలా వచ్చిందని అడుగుతారు. అమ్మకం ఆగిపోతుంది." అడగనీ అన్నాను. అడిగితే చెప్తాను. నా అంతట నేను కూడా సోమవారం వెళ్ళి చెప్పాను. అక్కడి గుమాస్తా కొత్త కుర్రాడు. విని, విని, "పెద్దయ్యా, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. రాసుకో అన్నాను. రాసుకున్నాడు. ఏం చేస్తారో తెలియదు.

అమ్ముడైతే రెండో గది ఖరీదు నీ కొడుక్కి. ఇల్లు మెరక మూలకి మార్చుకోమను. నాది కాదు అది, నేను ఇస్తున్నట్టు చెప్పకు. నువ్వు వద్దంటావు. నీతో కాదు, వాడితో మాట్లాడతాను.

నిన్న ఒక జంట వచ్చారు. అతను పడవల కంపెనీలో లెక్కలు రాస్తాడు, ఆ అమ్మాయి టీచరు. మంచివాళ్ళలాగే ఉన్నారు, చెప్పులు గుమ్మం బయటే విప్పారు. వంటిల్లు చూశారు, అమ్మ గది చూశారు, నచ్చింది. హియెన్ గది తలుపు తీశాను. ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. అగరు వాసన ఇంకా పోలేదు.

"ఏమనుకోకండి పెద్దయ్యా. ఇక్కడ ఎవరైనా పోయారా?" అంది.

థ్వీ ఆమె వెనక నిలబడి నాకు కళ్ళతో సైగ చేసింది. లేదని చెప్పమని. చెప్పి ఉంటే అడ్వాన్సు అక్కడే ఇచ్చేవాళ్ళు. లేదు అనడం నాకు చాలా అలవాటు.

మా అమ్మ ఇందాక చూసిన గదిలో నిద్రలో పోయింది అన్నాను. ఇది మా తమ్ముడి గది, వాడు కూడా పోయాడు, సముద్రంలో పోయాడు అన్నాను.

ఆ అమ్మాయి భర్త చెయ్యి పట్టుకుంది. "ఆయన ఈ గదిలో ఎన్నాళ్ళున్నారు?" అని అడిగింది.

ఒక్క పూట కూడా ఉండలేదమ్మా, వాడికి ఈ ఇల్లే తెలియదు అన్నాను.

నీ అన్న
బా